ఒకే వెబ్ సర్వరులో ఎన్ని సైట్లు పెట్టవచ్చో లెక్క వేయడం ఎలా?

నిలకడ

అందరికీ నమస్కారం. నేను చూసుకుంటున్న ఒక సర్వరులో 8 కోర్లు, 32 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్నాయి. దాని మీద ప్రస్తుతం 140 సైట్లు నడుస్తున్నాయి. ఎక్కువ భాగం వర్డ్‌ప్రెస్ సైట్లు, కొన్ని మాత్రం ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు. ముందు రిక్వెస్టులను అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్, వెనక పీహెచ్‌పీ కోడును నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం, అదే యంత్రం మీద డేటాబేసుగా మైఎస్‌క్యూఎల్ 8 ఉన్నాయి. రెండు పాత సర్వర్లను మూసివేసి, వాటిలోని 260 సైట్లను కూడా దీని మీదకే తేవాలని మా మేనేజరు గారి ఆలోచన. అప్పుడు మొత్తం 400 అవుతాయి. ఇది ఎన్ని సైట్లను మోయగలదో ఒక్క సంఖ్య చెప్పమని ఆయన అడిగారు.

నేను వేసిన లెక్క ఇది: 140 సైట్లకు 11 జీబీ ర్యామ్ ఖర్చవుతోంది కనుక 32 జీబీకి సుమారు 407 సైట్లు పడతాయి. లోడ్ యావరేజి (నడుస్తున్న, వంతు కోసం ఆగిన పనుల సంఖ్య) కూడా రోజు మొత్తం మీద సగటున 1 లోపే ఉంటోంది. త్రైరాశికం ఒప్పుకుంటోంది గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?

రాత్రికాపలా

మీ మనసే సరిగా చెబుతోంది. త్రైరాశికం చెల్లాలంటే ప్రతి సైటూ ఒకే బరువు తూగాలి. రోజుకు పదిమంది చూసే సైటునూ, నిమిషానికి వెయ్యిమంది చూసే సైటునూ మీరు ఒక్కటి, ఒక్కటి అనే లెక్కపెడుతున్నారు.

సైట్ల సంఖ్యే అడ్డుగా ఉన్న కాలం ఒకటి ఉండేది. హెచ్‌టీటీపీ 1.0లో బ్రౌజరు తనకు కావలసిన పేజీ దారి చెబితే సరిపోయేది, ఏ పేరుగల సైటు కోసం వచ్చిందో చెప్పనక్కరలేదు. అందువల్ల ఒక్కో సైటుకు ఒక్కో ఐపీ చిరునామా కేటాయించవలసి వచ్చేది. 1997లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ఆ పేరు చెప్పే ‘హోస్ట్’ హెడరును తప్పనిసరి చేసింది. అయినా హెచ్‌టీటీపీఎస్‌కు ఆ సౌకర్యం అందలేదు, ఎందుకంటే హోస్ట్ హెడరు చదవడానికి ముందే సర్వరు తన సర్టిఫికెట్ చూపించాలి. సర్టిఫికెట్ చూపకముందే సైటు పేరు తెలియజేసి ఆ చిక్కును విప్పిన ఎస్‌ఎన్‌ఐ 2003లోనే ప్రమాణాలలోకి వచ్చినా, విండోస్ ఎక్స్‌పీ మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు అది తెలియకపోవడంతో చాలా ఏళ్లు దానిని నమ్ముకోలేకపోయాము. ఇప్పుడు ఆ అడ్డు తొలగిపోయింది. ఎన్‌జిన్‌ఎక్స్ సైట్ల పేర్లను హ్యాష్ పట్టికలో పెట్టుకుని వెతుకుతుంది కనుక, 140 పేర్లలో వెతకడానికీ 14,000 పేర్లలో వెతకడానికీ పట్టే సమయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అన్నీ హెచ్‌టీఎంఎల్ సైట్లే అయితే మీ యంత్రం వేల సంఖ్యలో సైట్లను మోసినా నేను ఆశ్చర్యపోను.

కాబట్టి ఖర్చు పేరుకు కాదు, రద్దీ గంటలో ఒకేసారి వచ్చిపడే పనికి. ‘ఎన్ని సైట్లు’ అన్న ప్రశ్నను ముందు ‘సెకనుకు ఎన్ని పీహెచ్‌పీ రిక్వెస్టులు, ఒక్కోదానికి ఎంత పని’ అని మార్చుకోవాలి.

గణకుడు

రాత్రికాపలా గారు చెప్పినదానికి సూత్రం కూడా ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన నియమం ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఉండే పనుల సంఖ్య, పనులు వచ్చే వేగాన్ని ఒక్కో పని లోపల గడిపే సమయంతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 20 రిక్వెస్టులు వచ్చి, ఒక్కోటి అర సెకను ఉంటే, ఏ క్షణంలో చూసినా సగటున 10 పీహెచ్‌పీ వర్కర్లు (ఒక్కోటి ఒకసారికి ఒక రిక్వెస్టును నడిపే ప్రాసెస్) పనిలో ఉంటాయి. ఇందులో సైట్ల సంఖ్య అసలు కనిపించదు, గమనించండి.

అయితే రెండు సమయాలను విడివిడిగా కొలవాలి. రిక్వెస్టు మొదలై ముగిసే వరకు గడిచిన సమయం ఒకటి, అందులో నిజంగా కోరును వాడుకున్న సమయం మరొకటి. డేటాబేసు కోసమో, బయటి సర్వరు జవాబు కోసమో ఎదురుచూసే సేపు వర్కరు ర్యామ్‌ను పట్టుకుని కూర్చుంటుంది గానీ కోరును వాడదు. మొదటి సమయం ర్యామ్ లెక్కకు, రెండోది కోర్ల లెక్కకు పనికివస్తాయి. ఎఫ్‌పీఎం యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో రెండింటినీ రాయించుకోవచ్చు. రోజు సగటు మాత్రం వద్దు. రోజుకు 8,64,000 రిక్వెస్టులంటే సగటున సెకనుకు 10 మాత్రమే, కానీ ఆ సగటు ఎవరి అనుభవంలోకీ రాదు. అర్ధరాత్రి ఖాళీని మధ్యాహ్నపు రద్దీతో కలిపి పంచితే వచ్చిన అంకె అది. అత్యంత రద్దీగా ఉండే గంటను తీసుకోండి. పాత సర్వర్ల లాగులు కూడా చూసి అంకెలు ఇక్కడ పెట్టండి, లెక్క వేద్దాం.

నిలకడ

రెండు వారాల లాగులు చూశాను. ఈ సర్వరులో అత్యంత రద్దీ గంటలో 43,200 పీహెచ్‌పీ రిక్వెస్టులు, అంటే సెకనుకు 12. పాత సర్వర్లు రెండింటికీ కలిపి రద్దీ గంటలో సెకనుకు 18. ఇక్కడ ఒక్కో రిక్వెస్టు గడిపే సమయం సగటున 0.4 సెకను, అందులో కోరు వాడకం 0.25 సెకను. ఒక్కో పీహెచ్‌పీ వర్కరు 70 ఎంబీ వరకు తీసుకుంటోంది. 140 సైట్లలో ఆరే ఆరు సైట్లు మొత్తం రిక్వెస్టులలో నాలుగింట మూడు వంతులు లాగేసుకుంటున్నాయి. ఇది చూసేవరకు నాకు ఊహకైనా అందలేదు.

ఇంకొక సంగతి. ప్రతి సైటుకూ విడి ఎఫ్‌పీఎం పూల్, అంటే వర్కర్ల గుంపు, ఉంది, ఒక్కో పూల్‌కు వర్కర్ల గరిష్ఠ పరిమితి 5.

గణకుడు

అయితే చూడండి. రెండు రద్దీలూ ఒకే గంటలో వచ్చాయనుకుందాం. 12కు 18 కలిపితే సెకనుకు 30. ముప్పైని 0.4తో గుణిస్తే ఒకేసారి 12 వర్కర్లు. ర్యామ్ వైపు నుంచి ఇది లెక్కలోకే రాదు. 32 జీబీలో వ్యవస్థకు 2, డేటాబేసుకు 10, ఫైళ్ల క్యాష్‌కు 6 జీబీ వదిలేసినా 14 జీబీ మిగులుతుంది, అందులో 70 ఎంబీ వర్కర్లు 200 పడతాయి. మీరు ర్యామ్‌ను చూసి 400 అనుకున్నది ఇందుకే.

కోర్ల వైపు తిరగండి. ముప్పైని 0.25తో గుణిస్తే 7.5 కోర్లు. ఉన్నవి 8. అంటే రద్దీ గంటలో 94 శాతం నిండిపోతుంది, అదీ డేటాబేసు వాడే కోర్లను కలపకుండానే. క్యూలలో ఎదురుచూపును లెక్కగట్టే వరుస సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా ప్రకారం, 50 శాతం నిండిన చోట పని రెండింతల సమయం తీసుకుంటే, 80 శాతం దగ్గర ఐదింతలు, 90 శాతం దగ్గర పదింతలు తీసుకుంటుంది. ఎనిమిది కోర్లు ఉన్నప్పుడు ఆ వంపు కొంత నెమ్మదిగా లేస్తుంది గానీ లేవడం మాత్రం ఖాయం. నా వరకు రద్దీ గంటలో 60 శాతం దాటే ఏ ప్రణాళికకూ నేను సంతకం పెట్టను.

పూల్‌ల సంగతి. 400 పూల్‌లు, ఒక్కోదానికి 5 అంటే 2,000 వర్కర్లకు మీరు అనుమతి ఇచ్చినట్టు. ఒక్కోటి 70 ఎంబీ చొప్పున అవి సుమారు 137 జీబీ అడుగుతాయి. అన్నీ ఒకేసారి లేవవన్న నమ్మకం మీద నడుస్తున్న వ్యవహారం ఇది.

పాతయంత్రం

అన్నీ ఒకేసారి లేస్తాయి. నేను చూశాను.

అప్పట్లో నా దగ్గర ఒకే ఐపీ మీద సుమారు 300 సైట్లు ఉండేవి. దాదాపు అన్నీ నిద్రపోయే సైట్లే. ఒక రాత్రి ఏదో బాట్ మా పేర్లన్నీ ఎక్కడో సంపాదించి, ప్రతి సైటులోనూ లాగిన్ పేజీనీ, ఎప్పుడో పాతబడిన ప్లగిన్ల ఫైళ్లనూ తట్టడం మొదలుపెట్టింది. ఒక్కో సైటుకు వచ్చినవి నిమిషానికి పదీ పదిహేను రిక్వెస్టులే కనుక ఏ ఒక్క సైటు లాగు చూసినా దాడి అనిపించదు. కానీ వర్డ్‌ప్రెస్‌లో లేని పేజీని అడిగితే, ‘లేదు’ అని చెప్పడానికి కూడా పీహెచ్‌పీ మొత్తం లేచి, డేటాబేసును అడిగి, థీముతో సహా ఆ పేజీని తయారుచేస్తుంది. మూడు వందల పూల్‌లు నిద్రలేచాయి. ర్యామ్ అయిపోయింది, ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే స్వాప్ నిండింది, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ కర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపవలసి వచ్చింది. అది అన్నిటికంటే ఎక్కువ ర్యామ్ పట్టుకున్న ప్రాసెస్ కోసం చూస్తుంది కదా, మైఎస్‌క్యూఎల్‌నే ఎంచుకుంది. బాట్ వచ్చింది నిద్రపోయే సైట్లకు, పడిపోయింది మాత్రం మూడు వందల సైట్లూ.

అప్పటి నుంచి మూడు పనులు మానలేదు. ఎఫ్‌పీఎం మొత్తానికి వర్తించే ‘ప్రాసెస్ మ్యాక్స్’ అనే అమరిక ఒకటి ఉంది. పూల్‌లు ఎన్ని ఉన్నా కలిపి అన్ని వర్కర్లకు మించి పుట్టకూడదని దానితో చెప్పవచ్చు. దాని సహజ విలువ సున్నా, అంటే హద్దు లేదని అర్థం. గణకుడు గారు లెక్కగట్టిన 200 అక్కడ పెట్టవలసిన అంకె, ఇంకా తగ్గించినా నష్టం లేదు. రెండోది, ఒక ఐపీ నుంచి వచ్చే రిక్వెస్టుల వేగానికి ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే, అన్ని సైట్లకూ కలిపి ఒకే హద్దు. మూడోది, ర్యామ్ అయిపోయినప్పుడు డేటాబేసు చివరి వరుసలో ఉండేలా దాని ఓఓఎం స్కోరు (ముందు దేనిని చంపాలో కర్నెల్ చూసుకునే అంకె) తగ్గించడం.

తాళంచెవి

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది, మనం 60 రోజులకు ఒకసారి మారుస్తాము కనుక 400 సైట్లకు రోజుకు ఆరేడు పునరుద్ధరణలు అవుతాయి. ఇది భారమే కాదు. అయితే సంఖ్య తగ్గుతుంది కదా అని వంద పేర్లను ఒకే సర్టిఫికెట్‌లో చేర్చకండి. అది అనుమతించిన పనే, కానీ వందలో ఒక్కరు డొమైనును వేరే చోటికి తరలించినా పునరుద్ధరణ మొత్తం ఆగిపోతుంది, మిగిలిన 99 సైట్ల గడువు కూడా దానితోపాటే ముగుస్తుంది. పైగా సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2029 మార్చి నాటికి 47 రోజులకు కుదించాలని సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ బ్రౌజరు తయారీదారులూ కలిసిన సీఏ బ్రౌజర్ ఫోరం 2025లో నిర్ణయించింది. చేత్తో చేసే పని ఏదైనా మిగిలి ఉంటే ఇప్పుడే వదిలించుకోవడం మంచిది.

పట్టికలు

డేటాబేసు వైపు ఎవరూ చూడలేదు కనుక నేను చెబుతాను. కొత్తగా పెట్టిన వర్డ్‌ప్రెస్ సైటులో 12 పట్టికలు ఉంటాయి. 400 సైట్లకు 4,800. ప్లగిన్లు తమ పట్టికలు తాము చేర్చుకుంటాయి కనుక నిజానికి దీనికి రెండు మూడింతలు ఉండవచ్చు. తెరిచిన పట్టికలను దాచుకునే క్యాష్ సహజ పరిమితి మైఎస్‌క్యూఎల్ 8లో 4,000. అది కూడా విడి పట్టికల లెక్క కాదు, ఒకే పట్టికను రెండు కనెక్షన్లు తెరిస్తే రెండు చోట్లు పోతాయి. 140 సైట్ల వద్ద ఈ గోడ మీకు తగలకపోయి ఉండవచ్చు, 400 వద్ద తగిలి తీరుతుంది. అప్పుడు పట్టికలను మూయడం, తెరవడం అనే పని డేటాబేసును అడిగే ప్రతి ప్రశ్నకూ అదనంగా చేరుతుంది.

అలాగే ఒకేసారి అనుమతించే కనెక్షన్ల సహజ విలువ 151. పాతయంత్రం గారు చెప్పినట్టు వర్కర్ల హద్దును 200 చేస్తే, 152వ వర్కరుకు డేటాబేసు కనెక్షన్ దొరకదు, చూసేవారికి ఎర్రర్ పేజీ కనిపిస్తుంది. రెండు అంకెలూ ఒకదానినొకటి చూసుకుంటూ ఉండాలి. డేటాబేసు తన డేటాను ర్యామ్‌లో ఉంచుకునే బఫర్ పూల్ సహజ విలువ 128 ఎంబీ అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, దానిని మార్చకుండా వదిలేసినవారిని నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

రాత్రికాపలా

పట్టికలు గారు గోడ అన్నారు. ఆ మాట మీదే నిలబడదాం, ఎందుకంటే త్రైరాశికం తప్పడానికి అసలు కారణం అక్కడే ఉంది. క్యాష్ నిండేవరకు ఒక్కో రిక్వెస్టు చౌకగా నడుస్తుంది, నిండిన మరుక్షణం నుంచి అదే రిక్వెస్టు ఖరీదైపోతుంది. అంటే గణకుడు గారు వాడిన 0.25 సెకను స్థిరాంకం కాదు, అది 140 సైట్ల వద్ద కొలిచిన అంకె. 400 వద్ద అది పెరగవచ్చు.

నిలకడ గారూ, మీ ఓపీక్యాష్ అమరికలు ఒకసారి చూస్తారా? పీహెచ్‌పీ ఫైళ్లను ఒకసారి కంపైల్ చేసి దాచుకునే ఈ క్యాష్‌ను ఒకే ఎఫ్‌పీఎం మాస్టర్ కింద ఉన్న పూల్‌లన్నీ పంచుకుంటాయి. దాని సహజ పరిమాణం 128 ఎంబీ, ఫైళ్ల సంఖ్య 10,000. ఆ అంకెను అది తన జాబితాలోని తర్వాతి ప్రధాన సంఖ్యకు, అంటే 16,229కి, పెంచుకుంటుంది. ఒక వర్డ్‌ప్రెస్ సైటు ఒక పేజీ చూపడానికి కొన్ని వందల ఫైళ్లు లోడ్ చేస్తుంది. ప్రతి సైటుకూ వర్డ్‌ప్రెస్ నకలు విడిగా ఉంటుంది కనుక, ఆ ఫైళ్లు అక్షరం తేడా లేకపోయినా క్యాష్‌కు వేరువేరే. సైటుకు 300 అనుకున్నా 140 సైట్లకు 42,000. నా అనుమానం, మీరు గోడను ఎప్పుడో దాటేశారు.

నిలకడ

మీ అనుమానం నిజమే. స్థితి చూపే చిన్న స్క్రిప్టు పెట్టి చూస్తే ‘క్యాష్ నిండింది’ అనే వరుసకు ఎదురుగా అవును అని ఉంది, ఖాళీ మెమరీ దాదాపు సున్నా. తెల్లవారుజామున సర్వీసు మళ్లీ మొదలయ్యాక ముందుగా లేచిన ఏ పది పన్నెండు సైట్లకో చోటు దొరికింది, మిగిలినవన్నీ ప్రతి రిక్వెస్టుకూ తమ ఫైళ్లను మొదటి నుంచీ కంపైల్ చేసుకుంటున్నాయి. రద్దీ తక్కువ కనుక ఇన్నాళ్లూ ఎవరికీ నొప్పి తెలియలేదు.

పరిమాణాన్ని 2 జీబీకి, ఫైళ్ల సంఖ్యను 1,30,000కు పెంచి వారం రోజులు చూశాను. ఒక్కో రిక్వెస్టుకు కోరు వాడకం సగటున 0.25 నుంచి 0.11 సెకనుకు దిగింది.

గణకుడు

అయితే 30ని 0.11తో గుణిస్తే 3.3 కోర్లు. డేటాబేసుకు మరో కోరున్నర కలిపినా 60 శాతానికి చేరుతుందే గానీ దాటదు. కొత్త సైట్లు చేరాక క్యాష్‌కు 2 జీబీ చాలకపోతే మరో రెండు ఇవ్వండి, ర్యామ్‌లో చోటు ఉంది. యంత్రం మార్చకుండానే ఒక్క అమరికతో మోయగల బరువు రెట్టింపు అయింది. ఈ సర్వరు ఎన్ని సైట్లు మోస్తుందని అడిగినవారికి సూటిగా అంకె చెప్పడానికి నేను వెనకాడేది ఇలాంటివి చూసే.

పాతయంత్రం

డిస్కు సంగతి కూడా చూడండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక్కో ఫైలుకు ఒకటి కావలసిన నమోదు) చొప్పున కేటాయిస్తుంది. మీ 500 జీబీకి దాదాపు 3 కోట్ల ఐనోడ్లు వస్తాయి, సైటుకు 40,000 ఫైళ్లు వేసుకున్నా 400 సైట్లకు 1 కోటి 60 లక్షలు కనుక సరిపోతాయి. ఈమెయిల్ పెట్టెలు కూడా ఇక్కడే పెడితే మాత్రం ఆ ధీమా వద్దు, మెయిల్‌డిర్ పద్ధతిలో ఉత్తరానికి ఒక ఫైలు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. ఈ యంత్రం రేపు చచ్చిపోతే, బ్యాకప్ నుంచి మొత్తం సైట్లను వేరే యంత్రం మీద నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుంది, అంతసేపు ఆగడానికి మీ మేనేజరు గారు సిద్ధమేనా? 400 జీబీని సెకనుకు 100 ఎంబీ వేగంతో రాస్తే గంటా ఏడు నిమిషాలు అని కాగితం చెబుతుంది. కోటిన్నర చిన్న ఫైళ్లకు కాగితం వర్తించదు. ఎవరి మాటా నమ్మకుండా ఒకసారి చేసి, గడియారం చూసుకోండి.

నిలకడ

చేశాను. 140 సైట్లను ఖాళీ యంత్రం మీద నిలబెట్టడానికి 170 నిమిషాలు పట్టింది. నాలుగు గంటలకు మించి ఆగలేమని మేనేజరు గారు రాతపూర్వకంగా చెప్పారు. కనుక 240ని 170తో భాగించి 140తో గుణిస్తే 197. నేను మొదట నమ్ముకున్న త్రైరాశికం చివరికి ఇక్కడ చెల్లింది, కానీ 407 చెప్పిన చోట 197 చెబుతోంది.

పట్టికలు

ఆ 170లో డేటాబేసు వాటా ఎంత? ఎస్‌క్యూఎల్ డంపు నుంచి ఎక్కించారా?

నిలకడ

అవునండి. డంపు ఎక్కించడానికే 110 నిమిషాలు పట్టింది.

పట్టికలు

డంపు అంటే ప్రతి వరుసనూ మళ్లీ చేర్చి, ప్రతి ఇండెక్సునూ మళ్లీ కట్టడం. ఎక్స్‌ట్రాబ్యాకప్ వంటి సాధనంతో డేటా ఫైళ్లనే ఉన్నవి ఉన్నట్టుగా నకలు తీయండి. ఒక్క సైటును వెనక్కి తేవలసిన రోజు కోసం డంపులు కూడా ఉంచుకోండి, కానీ యంత్రం మొత్తం పోయిన రోజున వాటిని ముట్టుకోవద్దు.

నిలకడ

మీరు చెప్పిన పద్ధతిలో నిన్న రాత్రి మళ్లీ చేశాను. డేటాబేసుకు 20 నిమిషాలు, ఫైళ్లకు ఇంతకుముందులాగే 60, మొత్తం 80 నిమిషాలు. నాలుగు గంటలకు ఇప్పుడు 420 సైట్లు వస్తున్నాయి. అయినా అంచు దాకా వెళ్లదలచుకోలేదు. బరువైన ఆరు సైట్లను వేరే చిన్న యంత్రానికి మార్చి, మిగిలిన వాటిని వారానికి 50 చొప్పున తెస్తూ, ప్రతి వారం కోరు వాడకం, క్యాష్ నిండిన శాతం, తెరిచిన పట్టికల సంఖ్య రాసుకుంటాను. మేనేజరు గారికి పంపిన కాగితంలో 350 అని రాసి, మిగిలే 44 సైట్లకు పాత సర్వర్లలో ఒకదానిని మరో ఏడాది ఉంచమని కోరాను. వర్కర్ల హద్దు 120, కనెక్షన్ల హద్దు 160 పెట్టాను. మొదటి 50 సైట్లు ఈ శనివారం రాత్రి వస్తున్నాయి.